అక్షరం లోపలి ఖాళీ

నాన్న రాసుకున్న ఊరి ముచ్చట్లను పుస్తకంగా వేయిద్దామని బెజవాడ గవర్నరుపేటలో ఒక డీటీపీ గదికి వెళ్లాను. ఇరుకు సందు, మేడమీద గది. మూడు కంప్యూటర్లు, ఒక లేజరు ప్రింటరు, గోడవారగా ప్రూఫుల కట్టలు. దాన్ని నడిపే పెద్దాయన సీసపు అక్షరాల రోజుల్లో కంపోజిటరు. చదివేది ఎక్కువగా అమ్మ ఈడు వాళ్లేనని చెప్పాను. ముఖచిత్రం మీది లావుపాటి అక్షరం ముచ్చటగా ఉందని, లోపలంతా అదే పెట్టమన్నాను.

ఆయన కాదనలేదు. ఒకే పేరాను నాలుగు ఫాంట్లలో తీసి నా ముందు పరిచారు.

మొదటిది నేనడిగిన రామభద్ర. పోస్టరు మీద ఎంత నిండుగా ఉంటుందో! 12 పాయింట్లకు దించేసరికి థ కడుపులో చుక్కకు చోటు చాలలేదు. కాగితం కాస్త దూరంగా పట్టుకుంటే ‘కథ’ ‘కధ’లా కనిపించింది. ‘ఠ’ని ‘ర’ అనుకున్నాను. “ఇది శీర్షిక కోసం పుట్టిన అక్షరం అమ్మా. దీని తప్పేం లేదు. ముందు అక్షరం లోపలి ఖాళీ చూడండి” అన్నారు.

రెండోది పోతన, మూడోది వేమన. రెండూ తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసినవే. పోతనలో గీత ఒకచోట సన్నబడి ఒకచోట లావెక్కి, కలంతో రాసినట్టు నడుస్తుంది. వేమనలో అంతటా ఒకే మందం. ఇంగ్లీషులో అక్షరం కొసలకు చిన్న పాదాలుంటే సెరిఫ్, లేకుంటే శాన్స్ సెరిఫ్. మన గుండ్రటి అక్షరాలకు ఆ పాదాలెక్కడివి? మన దగ్గర గీత మందాన్ని చూసి పోల్చుకోవడమే మేలనిపించింది. నాలుగోది మండలి. సిలికానాంధ్ర విడుదల చేసిన ఈ ఫాంటును పత్రికల అచ్చు కోసం పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించారు. రామభద్ర కూడా ఆయన చేతిదే!

మండలి బాగుందన్నాను. “అప్పుడే కాదు” అంటూ అదే పేరాను వరుసల మధ్య దూరం తగ్గించి మళ్లీ తీశారు. పై వరుసలో ‘స్త్రీ’ కింద వేలాడే ఒత్తులు కింది వరుసలోని ‘కీర్తి’ గుడిని గుద్దుకున్నాయి. ఫాంటు అదే, సైజూ అదే, కానీ చదవబుద్ధి కాలేదు. “మా రోజుల్లో వరుసకీ వరుసకీ మధ్య సీసపు పట్టీ పెట్టేవాళ్లం. లీడింగ్ అన్న మాట ఆ సీసం నుంచి వచ్చిందే. ఇంగ్లీషు కొలత పెడితే మన ఒత్తులు ఎక్కడికి పోతాయి?” అన్నారు.

ఆ మాటకు నాకొకటి గుర్తొచ్చింది. 2015లో హార్వర్డ్ ప్రెస్ మూర్తి క్లాసికల్ లైబ్రరీలో పెద్దన మనుచరిత్రను ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ ఇంగ్లీషుగా తెచ్చినప్పుడు, తెలుగుకు ప్రత్యేకంగా అక్షరం చేయించారు. ఫియోనా రాస్, జాన్ హడ్సన్ దాని మీద పనిచేశారు. మనమేమో ముఖచిత్రానికి వేలు పోస్తాం, లోపలి అక్షరం పేరైనా అడగం. నేనూ అడగలేదు. నాకు బాధేసింది.

ఆ కాగితాలు ఇంటికి తెచ్చి అమ్మకిచ్చాను. రామభద్రను రెండు వరుసలు చదివి పక్కన పెట్టింది. 14 పాయింట్ల మండలి, 21 లీడింగుతో ఉన్నదాన్ని వేలు ఆనించకుండా చివరిదాకా చదివి, “చెరువు గండి సంగతి రాశారా మీ నాన్న?” అని అడిగింది.

మర్నాడు ఫోను చేశాను. ఆ లెక్కన 80 పేజీలు 128 అవుతాయి, మూడు ఫారాల కాగితం ఎక్కువ పడుతుందన్నారు. వేసేయండి బాబాయిగారూ అన్నాను.