గది కోసం

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సీటు లభించినందుకు ఎంత పొంగిపోయానో, గది లభించక అంత కుంగిపోయాను. మామూ క్వార్టర్ ఉక్కునగరంలో. గాజువాక మీదుగా మద్దిలపాలెం చేరేసరికి గంటకు పైగా బస్సులోనే గడిచేది. అందుచేత చినవాల్తేరు వీధులన్నీ గాలించాను.

ఒక గుమ్మాన ‘గది అద్దెకు ఇవ్వబడును’ అన్న అట్ట వేలాడుతున్నది. గృహిణి ఎంతో ఆదరంతో మంచినీళ్లిచ్చి, గది చూపి, అద్దె చెప్పి, చివరకు పేరడిగింది. చెప్పాను.

“అయ్యో బాబూ, నిన్ననే ఒకరికి మాటిచ్చాము” అన్నది.

మరునాడూ ఆ అట్ట అక్కడే ఉన్నది. కోపం రాలేదు, ఆ మంచినీళ్లు గుర్తుకువచ్చి మనసు చివుక్కుమన్నది. ఆపై ఏ గుమ్మమెక్కినా ముందుగా పేరే చెప్పసాగాను. 11వ ఇంటి వృద్ధుడు అంతా విని, “పేరు సరే, అద్దె ఏ తేదీన ఇస్తావోయ్?” అన్నాడు.

“అయిదున నండీ.”

“ఒకటికే కావాలి” అన్నాడు, తాళంచెవి చేతికిస్తూ.