పికప్ గాలి ఫిల్టరు గురించి, ఆదివారం మీటింగుకు ముందు

ఆదివారం జనరల్ బాడీ ఉంది. అజెండాలో నాలుగో నంబరుగా "వాహనం మరమ్మతు ఖర్చు, కొత్త ఎయిర్ ఫిల్టరు" అని ఒక్క లైను కనబడుతుంది. ఆ లైను వెనక ఉన్న కథ మీటింగులో మొదలుపెడితే ముగ్గురు ఒకేసారి లేచి మాట్లాడతారు, అసలు సంగతి పక్కకు పోతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాం. పొడుగే. మా రాతలు మీకు అలవాటే కదా, టీ పెట్టుకుని కూర్చోండి. మేము బడిలో చదివింది తమిళం. అరక్కోణం వైపు తెలుగు ఇళ్ళలో మాట తెలుగు, పలక మీద తమిళం. తెలుగు అక్షరాలు బల్లార్షాకు ఉద్యోగం మీద వచ్చాక ఆఫీసులో తోటివాళ్ళ దగ్గర నేర్చుకున్నాం. ఒత్తులు దీర్ఘాలు అటూ ఇటూ అయితే సర్దుకోండి.

మొన్న మే నెలలో ఏం జరిగిందో చాలామందికి సగమే తెలుసు. మన సభ్యుడి తల్లి చంద్రపూర్ ఆసుపత్రిలో పోయారు. ఆమె ఊరు ఆసిఫాబాద్ దాటాక. మట్టి అక్కడే చెయ్యాలని ఆమె ముందే చెప్పి ఉంచారు. మన పికప్‌లో ఐస్ బాక్స్ పెట్టి, మధ్యాహ్నం రెండింటికి బామ్ని నుంచి బయలుదేరాం. ఎండ ఎలా ఉందో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. వర్ధా వంతెన దాటి, రాజురా దాటి, వాంకిడి ఇంకా రాకముందే బండి లాగడం మానేసింది. పేరుకు పికప్, పికప్ మాత్రం లేదు. వెనక నీలం పొగ. ఆయిల్ పోసే మూత తీస్తే పొయ్యి మీది కుండలాగా ఆవిరి. ఇంజను ఆగింది, మళ్ళీ పట్టుకోలేదు.

మూడు గంటలు రోడ్డు పక్కన ఉన్నాం. కూతురు తువ్వాలు తడిపి బాక్స్ మీద వేస్తూ, ఆరితే మళ్ళీ తడుపుతూ కూర్చుంది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. చివరికి కూరగాయలు దింపి ఖాళీగా పోతున్న టెంపో ఒకటి ఆగింది. మొదట వద్దన్నాడు, ఆ అమ్మాయిని చూసి ఒప్పుకున్నాడు. డీజిల్ డబ్బు తప్ప తీసుకోలేదు. అక్కడ ఊళ్ళో తీసిన గొయ్యి దగ్గర జనం చీకటి పడేదాకా నిలబడి ఉన్నారట.

తిరిగి వచ్చాక కమిటీ కూర్చుంది. కోపం ఎవరి మీదో ఒకరి మీద పడాలి కదా. డ్రైవరు మీద పడింది. "సార్, ముందురోజే ఫిల్టర్ కడిగిన, నూనె పట్టిచ్చిన, మీరు చెప్పినట్టే చేసిన, నా తప్పేంది సార్?" అన్నాడు. మేము వినలేదు. నెలకు వెయ్యి చొప్పున ఆరు నెలలు జీతంలో కోత అని రాశాం. రెండు నెలలు కోశాం కూడా.

బండిని బల్లార్‌పూర్‌లో ఒక మిస్త్రీ దగ్గరికి తోలించాం. ఆయన ఇంజను విప్పలేదు. ముందు ఫిల్టరు డబ్బా నుంచి టర్బోకు పోయే రబ్బరు గొట్టం ఊడదీశాడు. జేబులో తెల్ల రుమాలు తీసి, వేలికి చుట్టి, గొట్టం లోపల ఒకసారి తిప్పి బయటికి తీశాడు. బూడిదరంగు ముద్ద. నూనె, దుమ్ము కలిసిన పేస్టు. "సాహెబ్, ఇది ఫిల్టరుకు ముందు ఉండాల్సిన దుమ్ము, వెనక ఉంది" అన్నాడు. అంతే. ఆ తరువాత టర్బో రెక్కల అంచులు చూపించాడు, పాత గొడ్డలి అంచులా అరిగిపోయి ఉన్నాయి. పిస్టన్ రింగులు చేత్తో పట్టుకుంటే సన్నగా, చురుగ్గా ఉన్నాయి. బోరు పని, టర్బో, లేబరు అన్నీ కలిపి 78,000 అయింది. ఆ బిల్లు ఆదివారం మీ ముందు పెడతాం.

ఇప్పుడు అసలు సంగతి. ఆ దుమ్ము లోపలికి ఎలా పోయింది?

బండి 2021లో అందరి చందాలతో కొన్నాం. కంపెనీ పెట్టి ఇచ్చింది మడతలు మడతలుగా ఉండే కాగితం ఫిల్టరు. ఆరేడు వందలు. మన రోడ్ల మీద అది త్వరగా నల్లబడుతుంది. మాటిమాటికి మార్చడం దండగ అనిపించి, పంక్చరు షాపులో గాలి కొట్టించమన్నాం. పంక్చరు షాపు గాలి 100 పీఎస్ఐ పైనే. కాగితం ఫిల్టరుకు గాలి కొట్టడమే వద్దంటారు కొందరు, కొట్టినా లోపలి నుంచి బయటికి, 30 పీఎస్ఐ దాటకుండా, దూరం నుంచి. అది మాకు అప్పుడు తెలియదు. రెండేళ్ళ కిందట ఇంకో అడుగు ముందుకు వేశాం. కడిగి, నూనె రాసి, మళ్ళీ మళ్ళీ వాడుకునే దూది జాలీ ఫిల్టరు. జీవితంలో ఒక్కసారి కొంటే చాలు అన్నారు, గాలి ఎక్కువ లాగుతుంది, బండి ఎగిరిపోతుంది అన్నారు. 4,800 రూపాయలు. ఏడెనిమిది కాగితం ఫిల్టర్ల ధర, ఆ తరువాత అంతా మిగులే అని లెక్క కట్టి చూపించాం. ఈ పోస్టు రాస్తున్న చెయ్యే ఆ ఓచరు మీద సంతకం పెట్టింది.

లెక్క తప్పు కాదు. లెక్కలో ఒక కాలమ్ లేదు.

మనది రెండున్నర లీటర్ల ఇంజను. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి తన నిండా గాలి పీలుస్తుంది. నిమిషానికి 2000 చుట్లు తిరిగితే వెయ్యి సార్లు. అంటే నిమిషానికి రెండున్నర ఘనపు మీటర్లు, టర్బో దానికి పైన ఇంకా తోస్తుంది. ఒక మనిషి పొద్దున్నుంచి మర్నాడు పొద్దుటిదాకా పీల్చే గాలిని మన పికప్ అయిదు నిమిషాల్లో తాగేస్తుంది. రెండు గంటల ప్రయాణంలో పదడుగుల గదులు పది, ఆ పైన. డీజిల్ బండికి డీజిల్ కంటే గాలే ఎక్కువ ఖర్చు. ఒక కిలో డీజిల్ కాలడానికి కనీసం పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి, నిజానికి అంతకంటే చాలా ఎక్కువే పీలుస్తుంది. డీజిల్‌కు బిల్లు వస్తుంది, గాలికి రాదు. గుమాస్తా కళ్ళకు బిల్లు లేనిది కనబడదు.

ఆ గాలి ఎక్కడిది? బామ్నిది. పక్కన బల్లార్‌పూర్ కాగితం మిల్లు. వర్ధా అవతల సాస్తి వైపు బొగ్గు గనులు, టిప్పర్లు. చంద్రపూర్‌లో 2920 మెగావాట్ల థర్మల్ స్టేషను. రాజురా దాటి గడ్‌చాందూర్ వైపు సిమెంటు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేస్తే మన చంద్రపూర్‌కు 83.88, నాలుగో ర్యాంకు. బడిలో ఆ మార్కులు వచ్చుంటే మా నాన్న మిఠాయి పంచేవాడు. దుమ్మును మేము బడిలో తూసి అని రాశాం, ఇంట్లో దుమ్ము అన్నాం, ఇక్కడ ధూళ్ అంటున్నాం. మూడు భాషల్లోనూ తుడిస్తే పోయేదే అనుకున్నాం. బొగ్గు పొడి మెత్తనిదే. దానితో కలిసే ఇసుక రజను, బూడిదలోని సిలికా మెత్తనివి కావు. ఇసుక రేణువు బోరులోని పోత ఇనుము కంటే గట్టిది. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, ఇంజనును తినేది అందులో పదో వంతు, అయిదో వంతు ఉండే రజను. కంటికి ఆనదు. ఆయిల్ పొర మందంలో సరిగ్గా ఇరుక్కుని రింగుకూ బోరుకూ మధ్య సానరాయి అయిపోతుంది.

ఇక్కడ మాకు బోధపడిన లెక్క ఒకటి ఉంది, కాస్త నిదానంగా చూడండి. ఒక ఫిల్టరు వందకు 99.5 పాళ్ళు దుమ్ము పడుతుంది, ఇంకొకటి 98 పడుతుంది అనుకోండి. తేడా ఒకటిన్నరే కదా అంటాం. పట్టినదాన్ని కాదు చూడాల్సింది, వదిలినదాన్ని. ఒకటి అర వదిలింది, ఇంకొకటి రెండు వదిలింది. నాలుగింతలు. ముప్ఫై ఏళ్ళు క్యాష్ బుక్కు రాసి, వచ్చిన డబ్బు కాదు తేడా పడిన డబ్బు చూడాలని కుర్రాళ్ళకు చెప్పినవాళ్ళం. ఫిల్టరు దగ్గర ఆ మాట గుర్తు రాలేదు.

ఇంకో వింత. కాగితం ఫిల్టరు కొంచెం మాసినప్పుడే కొత్తదాని కంటే బాగా వడగడుతుంది. పట్టిన దుమ్మే పైన పొరగా నిలబడి తరువాత వచ్చే సన్న దుమ్మును ఆపుతుంది. దాన్ని చూసి మురికి అని వారం వారం దులిపినప్పుడల్లా కాపలావాణ్ణి ఇంటికి పంపినట్టే. పైగా తీసినప్పుడల్లా అంచు రబ్బరు కదులుతుంది, డబ్బా క్లిప్పులు వదులవుతాయి. మన డబ్బాకు క్లిప్పు ఒకటి విరిగి తీగతో కట్టి ఉంది. ఆ ఖరీదైన ఫిల్టరు అంచు మన డబ్బాలో ఒక మూల సరిగ్గా కూర్చోలేదు. ఆ మూల మీదుగా లోపలికి దుమ్ము గీత గీసినట్టు ఉందని మిస్త్రీ వేలు పెట్టి చూపించాడు. దూది జాలీ ఫిల్టర్లన్నీ చెడ్డవని మేము అనడం లేదు. శుభ్రమైన రోడ్డు మీద, సరిగ్గా అమరితే, నూనె కొలిచి రాసేవాడుంటే అవి పనికొస్తాయి. మన బొగ్గు రోడ్డుకు, మన తీగ కట్టిన డబ్బాకు కాదు.

కాబట్టి మేము ప్రతిపాదించేది చెబుతాం. కంపెనీ సైజు కాగితం ఫిల్టరే. డబ్బా కొత్తది, నాలుగు క్లిప్పులతో. ఫిల్టరు నుంచి టర్బో దాకా గొట్టం, క్లాంపులు కొత్తవి. ఎందుకంటే ఫిల్టరుకు ముందు గొట్టానికి చిల్లి పడితే ఆ దుమ్మును ఫిల్టరు ఆపుతుంది, ఫిల్టరు తరువాత చిల్లి పడితే ఆపేవాడు లేడు. శుభ్రమైన వైపు ఒక చిన్న సూచిక బిగించాలి. ఫిల్టరు పూడుకుపోతే ఇంజను పీల్చడానికి కష్టపడుతుంది, ఆ లాగుడు సుమారు 25 అంగుళాల నీటి మట్టానికి చేరితే సూచికలో ఎర్ర పట్టీ వస్తుంది. అది వచ్చినప్పుడే డబ్బా తీయాలి, కొత్తది వేయాలి. కంటికి నల్లగా కనబడిందని తీయకూడదు. కిలోమీటర్ల లెక్క పుస్తకంలో ఉండాలి, ఎర్ర పట్టీ రాకపోయినా కంపెనీ చెప్పిన గడువు దాటకూడదు.

గనుల్లో తిరిగే పెద్ద బండ్లకు లోపల రెండో ఫిల్టరు ఉంటుంది. బయటిది మార్చేటప్పుడు లోపలిది కాపలా ఉంటుంది, దాన్ని కడగరు, దులపరు, మార్చడమే. అలాంటిది మన పికప్‌కు బయట తగిలించవచ్చని ఒక సభ్యుడు అన్నారు. చోటు లేదు, గొట్టాలకు కొత్త అతుకులు పెరుగుతాయి. పాత ట్రాక్టర్ల నూనె గిన్నె ఫిల్టరు గురించి మన పెద్దాయన ఒకరు చెప్పారు. దాని కాలంలో అది మంచిదే. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు మాత్రం వడపోత తగ్గుతుంది, ఇప్పుడు ట్రాక్టర్లు కూడా చాలావరకు కాగితానికి వచ్చాయి.

ఇక కుర్రాళ్ళు అడిగే స్నార్కెల్. వానాకాలం వర్ధా పొంగితే రాజురా దారి మూసుకుపోతుంది, గాలి గొట్టాన్ని పైకప్పు దాకా లేపితే దాటేయవచ్చు కదా అని. నీళ్ళు ఇంజనులోకి పోతే ప్రమాదమే, నిజం. గాలి నలుగుతుంది, నీళ్ళు నలగవు, పిస్టన్ కడ్డీ వంగుతుంది. దుమ్ముకు కూడా ఎత్తు మంచిదే, ముందు బండి చక్రాలు లేపే దుమ్ము కిందనే ఎక్కువ. అయినా వద్దు. వంతెన మీద నీళ్ళు పారుతుంటే గొట్టం ఎంత ఎత్తున ఉన్నా బండి కొట్టుకుపోతుంది. స్నార్కెల్ ఉందన్న ధైర్యంతో ఎవరైనా దిగుతారేమో అన్నదే మా భయం.

ఖర్చు అంతా కలిపి 6,000 లోపే.

చివరిది. డ్రైవరు జీతంలో కోసిన 2,000 తిరిగి ఇవ్వాలి, మిగతా నాలుగు నెలల కోత రద్దు చేయాలి. ఇది కూడా నాలుగో నంబరులోనే పెట్టమని సెక్రటరీ గారికి రాశాం. ఆ 2,000 సంఘం ఖాతా నుంచి వద్దు. ఓచరు మీద సంతకం ఉన్న ఇంటి నుంచి వస్తుంది. మొన్న సాయంత్రం ఆ మాట చెప్పడానికి డ్రైవరు ఇంటికి వెళ్ళాం. కుర్చీ వేశాడు, టీ ఇచ్చాడు. డబ్బు సంగతి విన్నాడు, మాట్లాడలేదు. కొంచెం సేపయ్యాక, "సార్, ఆ ఆసిఫాబాద్ అమ్మాయికి ఫోన్ చేసిండ్రా?" అన్నాడు.

చేయలేదు. ఆదివారం లోపల వెళ్ళి కలుస్తాం. సెక్రటరీ గారు, మీరూ రండి. బండి బుధవారం గ్యారేజీ నుంచి వస్తుంది, అందులోనే వెళదాం.