వేటపాలెం గ్రంథాలయంలో ఒక పూట

విజయవాడ నుంచి చెన్నై వెళ్ళే రైలుమార్గంలో చీరాల దాటిన కొద్దిసేపటికే వేటపాలెం అనే చిన్న స్టేషను వస్తుంది. వేగంగా పోయే బండ్లు చాలావరకు ఇక్కడ ఆగవు. అందుచేత మేము తెల్లవారుజామున పాసింజరు ఎక్కి, తెనాలి, బాపట్ల, చీరాల చూసుకుంటూ నింపాదిగా వేటపాలెం చేరుకున్నాము. మేము అంటే నేనూ, మా అక్క కొడుకూను. వాడు ఏడో తరగతి చదువుతున్నాడు. వాడికి కథల పుస్తకాలంటే ప్రాణం. కథ కాని పుస్తకం ఏదైనా సరే, వాడి దృష్టిలో పాఠ్యపుస్తకమే!

ఈ ప్రాంతం నేత బట్టలకూ, జీడిపప్పుకూ పేరు పడింది. వీధిలో నడుస్తూ ఉంటే ఒక పక్క మగ్గం చప్పుడు వినిపిస్తుంది, ఇంకొక పక్క నుంచి జీడిగింజల వాసన వస్తుంది. మావాడు గ్రంథాలయం సంగతి మరిచి జీడిపప్పు కొట్టు ముందు నిలబడిపోయాడు. పావుకిలో పొట్లం కట్టిస్తే గాని కదలలేదు.

మేము చూడబోయిన గ్రంథాలయం పేరు సారస్వత నికేతనం. దీనిని 1918లో వి. వి. శ్రేష్ఠిగారు స్థాపించారు. 1929లో గాంధీమహాత్ముడు వచ్చి దీని భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఒకటి ఇప్పటికీ ఇక్కడ భద్రంగా ఉన్నది. ఈ గ్రంథాలయం పుట్టినప్పుడు వేటపాలెం గుంటూరు జిల్లాలోది. 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరింది. ఆ జిల్లాకే తరవాత ప్రకాశం జిల్లా అని పేరు వచ్చింది. 2022 నుంచి ఊరు బాపట్ల జిల్లాలో ఉన్నది. జిల్లాలు ఎన్ని మారినా గ్రంథాలయం మాత్రం ఉన్నచోటు నుంచి కదలలేదు.

ఇంత చిన్న ఊరిలో అంత పెద్ద గ్రంథాలయం ఎందుకు పుట్టిందని మీకు అనుమానం రావచ్చు. ఆ రోజుల్లో తెలుగు దేశమంతటా గ్రంథాలయాలు పెట్టాలనే ఉత్సాహం ఉండేది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం 1901లోనే వెలిసింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలైన పెద్దలు 1914లో బెజవాడలో గ్రంథాలయాల మహాసభ జరిపించారు. పాతూరి నాగభూషణంగారయితే 1935లో ఏకంగా పడవలో గ్రంథాలయం నడిపారు! కొల్లిపరకూ, పెదవడ్లపూడికీ మధ్య కాలవలో ఆ పడవ తిరిగేది. రోడ్లు సరిగా లేని పల్లెలకు పుస్తకాలు నీటిమీద వచ్చేవన్నమాట. ఈ సంగతి చెప్పగానే మావాడు, "మావయ్యా, ఆ పడవ ఇప్పుడు లేదా?" అని అడిగాడు. లేదంటే వాడి ముఖం చిన్నబోయింది.

చదువుకునే చోట మాట్లాడరాదు గదా! అందుచేత మాట్లాడదలచినవాళ్ళు బయట మెట్లమీదికి వచ్చి కూర్చుంటారు. మేము వెళ్ళేసరికి అక్కడ నలుగురైదుగురు చేరి ఉన్నారు. ఒకాయన నేతపని చేసే పెద్దమనిషి, డెబ్బై ఏళ్ళు ఉంటాయి. ఒకాయన బడిలో పని చేసి విరమించిన మేష్టరుగారు. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె, ఆమె తల్లీ ఉన్నారు. ఇంకొకతను ఆటో నడుపుతాడు. బేరాలు లేనప్పుడు ఇక్కడికి వస్తాడట. మావాడు జీడిపప్పు పొట్లం అందరి మధ్యా పెట్టేసరికి కొత్త పాత తేడా పోయింది.

అప్పుడు వాళ్ళు "బారిష్టరు పార్వతీశం" గురించి మాట్లాడుకుంటున్నారు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ఆ నవలలో మొగల్తూరు కుర్రవాడు బారిష్టరు చదువు కోసం ఓడ ఎక్కి సీమకు పోతాడు. ఏమీ తెలియక ఆడవాళ్ళ టోపీ కొని పెట్టుకుంటాడు. అడుగడుగునా ఇటువంటి అవస్థలే.

"దాన్ని మించిన పుస్తకం లేదండీ. నా చిన్నతనం నుంచీ ఎన్నిసార్లు చదివానో! టోపీ సంగతి వచ్చిందంటే మగ్గం ఆపి నవ్వాల్సిందే," అన్నాడు నేతపని పెద్దాయన.

"నాకు నవ్వు రాలేదు తాతగారూ, జాలి వేసింది," అన్నది ఆ అమ్మాయి. "కొత్త ఊళ్ళో తనకేమీ తెలియదు. చుట్టూ అందరూ తననే చూసి నవ్వుతున్నారు. అతనికి ఎలా ఉండి ఉంటుంది?"

పెద్దాయన ఆమె వంక వింతగా చూశాడు. మేష్టరుగారు నెమ్మదిగా, "కిందటేడు ఈ పిల్లను హాస్టల్లో వేశారు," అన్నారు. అంతటితో ఆ మాట ఆగిపోయింది. నాకు మాత్రం ఇద్దరూ సరిగానే చదివారని తోచింది.

తరవాత "రైలుబడి" సంగతి వచ్చింది. ఇది జపాను దేశపు రచయిత్రి తెత్సుకో కురొయనగి తన చిన్నతనం గురించి రాసుకున్న పుస్తకం. జపానులో 1981లో అచ్చయింది. టోక్యోలో తొమోయె అనే బడి ఉండేది. అందులో పాత రైలు పెట్టెలే తరగతి గదులు! ఏ పాఠం ముందు చదువుకోవాలో పిల్లలే నిర్ణయించుకునేవారు. 1945లో బాంబులు పడి ఆ బడి కాలిపోయింది.

"నాకు చివరి పేజీల్లో కళ్ళ నీళ్ళు ఆగలేదు. మన బడులు అలా ఎందుకు ఉండవో!" అన్నది అమ్మాయి తల్లి.

మేష్టరుగారు తల అడ్డంగా ఆడించి, "ఆ బడి మొత్తానికి యాభైమంది పిల్లలమ్మా. నా ఒక్క తరగతిలోనే యాభైమంది ఉండేవాళ్ళు. ఆ హెడ్మాష్టరుగారు ఒక్కొక్క పిల్ల మాటలు గంటల తరబడి విన్నారు. నేను విని ఉంటే మిగతా నలభైతొమ్మిది మందీ బడి పీకి పందిరి వేసేవాళ్ళు," అన్నారు.

"అది పుస్తకం తప్పా మేష్టరుగారూ?"

"పుస్తకం తప్పు కాదు. నాకు ఆయన్ను చూస్తే అసూయ, అంతే!" అని ఆయన పకపకా నవ్వారు.

ముళ్ళపూడి వెంకటరమణగారి "బుడుగు" విషయంలో పిల్లలందరిదీ ఒకే మాట. ఆ అమ్మాయి తల్లి మాత్రం, "మావాడు ఆ పుస్తకం చదివి వారం రోజులపాటు ఇంట్లో ఎవర్నీ బతకనివ్వలేదు," అన్నది. ఆటో అతనికి కథల మీద అంత మోజు లేదు. అతనికి నచ్చింది టంగుటూరి ప్రకాశం పంతులుగారి ఆత్మకథ, "నా జీవితయాత్ర". "తల్లి ఒంగోల్లో పూటకూళ్ళ ఇల్లు నడిపి ఆయన్ను చదివించింది. అంతవరకూ రెండుసార్లు చదివాను. తరవాత రాజకీయాలు వచ్చినచోట పేజీలు గబగబా తిప్పేశాను," అని దాచకుండా చెప్పాడు. నచ్చినంత మేర చదివి, నచ్చనిచోట దాటానని చెప్పే పాఠకుడంటే నాకు గౌరవం.

నాకు ఇష్టమైన పుస్తకం చెప్పమన్నారు. ఏనుగుల వీరాస్వామిగారి "కాశీయాత్ర చరిత్ర" అని చెప్పాను. ఆయన 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బయలుదేరి కాశీకి వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. వెంట నూరుమంది దాకా పరివారం. మన దేశంలో ప్రయాణీకుల రైలు నడవటం మొదలైంది 1853లో. కనక ఆయనకు పల్లకీ తప్ప గతి లేదు. దారిలో తగిలిన ప్రతి ఊరి సంగతీ ఆయన రాసిపెట్టుకున్నారు. ఆ రాతలే 1838లో పుస్తకంగా అచ్చయినాయి.

"నేను చూశాను ఆ పుస్తకం. మావయ్య ఇంట్లో ఉంది," అన్నాడు మావాడు. "ఫలానా ఊళ్ళో బావి ఉంది, ఫలానా ఊళ్ళో సరుకులు దొరుకుతాయి, ఫలానా చోట దారి బాగులేదు, ఎంతసేపూ ఇదే! ఒక దొంగ లేడు, ఒక దయ్యం లేదు."

అందరూ నవ్వారు. పెద్దాయన మాత్రం, "నూరుమందిని వెంటబెట్టుకుని నడిచేవాడికి ముందు ఊళ్ళో మంచినీళ్ళు ఉన్నాయో లేవో, అదే పెద్ద కథ బాబూ," అన్నాడు. మావాడు ఒప్పుకోలేదు. పన్నెండేళ్ళవాడు ఒప్పుకోవాలని నేనూ అనుకోను. ఆ పుస్తకం భాష కూడా పాతది, పిల్లలకు ఒక పట్టాన కొరుకుడు పడదు.

కాని కథ కాని పుస్తకాల పట్ల వాడి పట్టుదల ఇంకొకచోట సడలింది. తొమ్మిదో తరగతి అమ్మాయి రష్యా రచయిత పెరెల్మాన్ రాసిన భౌతికశాస్త్ర వినోదాల గురించి చెబుతూ, కాగితం దొప్పలో నీళ్ళు పోసి మంటమీద కాచవచ్చునన్నది.

"అబద్ధం! కాగితం కాలిపోతుంది," అన్నాడు మావాడు.

"కాలదు. మా అమ్మ పక్కన నిలబడితే నేను చేసి చూశాను. కాగితానికి తగిలిన వేడిని నీళ్ళు ఎప్పటికప్పుడు లాగేసుకుంటాయి. నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయి, అంతకు మించి వేడెక్కవు. కాగితం అంటుకోవాలంటే రెండువందల డిగ్రీలు దాటాలి. మంట నీళ్ళున్న చోటే తగలాలి సుమా, పైఅంచుకు తగిలితే భగ్గుమంటుంది."

మావాడు తల్లి ముఖంలోకి చూశాడు. ఆవిడ అవునని తల ఊపింది. "మావయ్యా, ఆ పుస్తకం మన ఊళ్ళో దొరుకుతుందా?" అని వాడు నా చెవిలో అడిగాడు.

అంతలో వాడికి ఇంకొక సందేహం వచ్చింది. "మేష్టరుగారూ, ఎవరికీ నచ్చని పుస్తకాలు లోపల చాలా ఉంటాయి గదా. అవన్నీ అమ్మేసి కొత్త కథల పుస్తకాలు కొనవచ్చు గదా!"

"నేనూ అదే అంటాను," అన్నాడు పెద్దాయన. "పాత పత్రికలు కట్టలు కట్టలు పడి ఉన్నాయి. ఎవరు చదువుతారండీ? చెదలకు మేత!"

ఈ మాట తేలిగ్గా తీసివేయదగ్గది కాదు. ఏ గ్రంథాలయానికైనా చోటూ, డబ్బూ చాలవు. పాత కాగితాన్ని కాపాడటం కొత్త పుస్తకం కొనటంకన్నా కష్టం. వార్తాపత్రికల కాగితం కర్రగుజ్జుతో చేస్తారు. అందులో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. వెలుతురూ, గాలీ తగిలేకొద్దీ అది కాగితాన్ని పసుపు పచ్చగా మార్చి, ఆమ్లాన్ని పుట్టిస్తుంది. చివరకు ముట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది. ఈనాడు ఫొటోలు తీసి కంప్యూటర్లలో దాచవచ్చు. కాని విరగకుండా పేజీ తిప్పగలిగితేనే గదా ఫొటో తీయటం!

మేష్టరుగారు జవాబు చెప్పలేదు. మమ్మల్ని లోపలికి తీసుకుపోయారు. ఒక బల్ల దగ్గర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసే యువతి పాత పత్రికల సంపుటం ముందు పెట్టుకుని కూర్చున్నది. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక వంటి వాటి పాత సంపుటాలకోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు ఈ ఊరు వస్తారు. ఆమె పేజీ తిప్పటం చూస్తే నిద్రపోయే పసిపాపకు దుప్పటి కప్పుతున్నట్టున్నది. ఆమె వెతుకుతున్నది 1921 నాటి చీరాల-పేరాల వార్తలు.

ఆ కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. జనం మొర పెట్టుకున్నా ప్రభుత్వం వినలేదు. అప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన వేలాదిమంది ఇళ్ళు విడిచి, ఊరి వెలుపల రామనగరం అనే పేరుతో పాకలు వేసుకున్నారు. ఎండకూ, వానకూ ఓర్చి దాదాపు 11 నెలలు అక్కడే ఉన్నారు. ఊరు లేకపోతే మునిసిపాలిటీ ఎక్కడిది?

పెద్దాయన బల్ల దగ్గరికి వచ్చాడు. "మా నాయనమ్మ ఆ పాకల్లో ఉన్నదట," అన్నాడు మెల్లిగా. "వానకు మగ్గం తడిసిపోయిందని చెప్పేది. నేను చిన్నవాణ్ణి, సరిగా వినలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ లేదు."

పరిశోధకురాలు కుర్చీ పక్కకు జరిపి, "కూర్చోండి తాతగారూ," అన్నది. ఆయన జేబులు తడుముకున్నాడు. కళ్ళజోడు ఇంటి దగ్గర ఉండిపోయింది. మావాడి వంక చూశాడు.

మావాడు నిలబడి, గొంతు తగ్గించి చదవటం మొదలుపెట్టాడు. ఆ నాటి తెలుగు వాడికి కొత్త. పొడుగాటి సమాసాల దగ్గర తడబడ్డాడు. తడబడినచోటల్లా పెద్దాయన మాట అందించాడు. ఒకచోట ఒక వీధి పేరు వస్తే ఆయన వాణ్ణి ఆపి, ఆ వీధి ఇప్పుడు ఎక్కడున్నదో చెప్పాడు. పరిశోధకురాలు వెంటనే దానిని తన పుస్తకంలో రాసుకున్నది.

తిరుగు బండికి ఇంకా అరగంట ఉన్నది. స్టేషనుకు నడవటానికి పావుగంట పడుతుంది. నేను గుమ్మం దగ్గర నిలబడి గడియారం చూపించాను. మావాడు చూసి కూడా చూడనట్టు తరవాతి పేరా అందుకున్నాడు. ఆటో అతను, "ఫరవాలేదండీ, నేను దింపుతాను," అని మెట్లు దిగిపోయాడు.