హంపిలో అరిగిన కెమెరా

బళ్లారిలో స్థిరపడిన మాబోటి తెలుగు కుటుంబాలకు హంపి పొరుగూరే. చుట్టాలొస్తే హంపి, పిల్లలకు సెలవులిస్తే హంపి. హోస్పేటలో బస్సు మారితే పొద్దున్నే వెళ్లి, రాత్రి భోజనానికి ఇల్లు చేరవచ్చు. అలా చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. కానీ ఆ ఊరిని నేను సరిగా చూసింది మాత్రం 2012లో డిజిటల్ కెమెరా కొన్న తరువాతే.

దాని ఖరీదు 32 వేలు. ఈ తరగతి కెమెరా షట్టరును లక్షసార్లు నొక్కి పరీక్షిస్తారని దుకాణం కుర్రవాడు చెప్పాడు. కామర్స్ చదివిన బుర్ర కదా, వెంటనే లెక్క కట్టింది: నొక్కుకు 32 పైసల తరుగుదల! వెనుకటి ఫిల్ము రోల్‌లో 36 బొమ్మలే కాబట్టి ఆచితూచి తీసేవాళ్లం. ఇక్కడ 32 పైసలకు ఒక తప్పు చేసి, అప్పటికప్పుడే చూసుకుని, దిద్దుకోవచ్చు.

మొదటి తప్పు అమ్మ విషయంలోనే చేశాను. సాయంత్రం హంపి బజారులో, విరూపాక్ష గోపురం వెనుక పడేలా ఆమెను నిలబెట్టి తీశాను. గోపురానికి అవతల సూర్యుడు దిగుతున్నాడు. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూపిస్తే అమ్మ కళ్లద్దాలు సర్దుకుని, "గోపురం బాగా పడిందిరా, మరి నేనేదీ?" అంది. ఆమె ముఖం బొగ్గులా నల్లగా ఉంది. వెనుక ఆకాశపు వెలుగు చూసి కెమెరా మోసపోయిందన్నమాట.

ఆ రోజునుంచి నెలకు రెండు ఆదివారాలు హంపికి వెళ్లడం మొదలుపెట్టాను. పుస్తకాలు చదివితే అర్థమైనట్టే ఉండేది, చేతికి మాత్రం వచ్చేది కాదు. గుడి ఏనుగు లక్ష్మి తుంగభద్రలో స్నానం చేస్తూ తొండంతో నీళ్లు చిమ్మేది. షట్టరు వేగం సెకనులో అరవయ్యో వంతు పెడితే ఆ నీళ్లు పొగలా పడేవి. వెయ్యో వంతు పెడితే ఒక్కో చుక్కా ముత్యంలా నిలిచేది. విఠలాలయంలోని రాతిరథాన్ని మిట్టమధ్యాహ్నం తీస్తే చెక్కడాలన్నీ చదునుగా కనిపించేవి. ఏటవాలు ఎండలో తీస్తే ప్రతి గీతా లేచి నిలబడేది. 2017లో ఆ రథం బొమ్మతో కొత్త యాభై రూపాయల నోటు బ్యాంకుకు వచ్చినప్పుడు, కట్ట విప్పి ముందు నీడలు ఎటు పడ్డాయో చూశాను. కౌంటర్‌లోని అమ్మాయి నవ్వింది.

విరూపాక్షుడి గుడి వెనుక భాగంలో ఒక చీకటి గది ఉంది, చాలామంది చూసే ఉంటారు. గోడలోని చిన్న కంతగుండా వచ్చే వెలుతురు, ఎదుటి గోడమీద గోపురాన్ని తలకిందులుగా చూపిస్తుంది. ఏ అద్దమూ లేదు. లాటిన్‌లో కెమెరా అంటే గది అనే అర్థం. నా చేతిలో ఉన్నదీ అలాంటి చీకటి గదే, కాకపోతే చిన్నది.

2018లో అమ్మను మళ్లీ తీసుకెళ్లాను. మోకాళ్ల నొప్పులతో ఆమె గుడి ముందు మండపంలోనే కూర్చుండిపోయింది. మళ్లీ అదే సాయంత్రం, అదే ఎదురెండ. ఈసారి వెలుతురును ఆమె ముఖం మీదే కొలిచి, గోపురాన్ని కొంచెం వెలిసిపోనిచ్చాను. ఫోటో చూసి, "ఇప్పుడు నేనున్నానురా" అంది. మరుసటి సంవత్సరం ఆమె కాలం చేసింది. దండ వేసింది ఆ ఫోటోకే.

కెమెరా ఆ తరువాత నాలుగేళ్లు పనిచేసింది. పట్టు దగ్గర రబ్బరు ఊడింది. చక్రం మీది అక్షరాలు చెరిగిపోయాయి. ఫోటోల నంబరు 9999 చేరినప్పుడల్లా తిరిగి 0001కి వస్తుంది. అలా పదిసార్లు తిరగడం నా డైరీలో రాసుకున్నాను. 2023లో ఒక తెల్లవారుజామున మాతంగ పర్వతం మీద, కింద అచ్యుతరాయల గుడి మంచులోంచి తేలుతుండగా బటన్ నొక్కాను. టక్కుమన్న చప్పుడు సగంలోనే ఆగిపోయి, కంటి ముందు చీకటి కమ్మింది. లోపలి అద్దం పైకి లేచి అలాగే ఉండిపోయింది. షట్టరు మార్చడానికి మెకానిక్ అడిగిన మొత్తం, పాత కెమెరా విలువకన్నా ఎక్కువ.

ఆయుష్షు తీరిన ఆస్తిని పుస్తకాల్లో ఒక రూపాయి విలువకు ఉంచడం మా పద్ధతి. నేనూ అలాగే ఉంచాను. బీరువాలో ఉంది. ఆ లక్షలో దాచుకోదగినవి రెండు వందలుంటాయేమో. మిగతావి ఆ రెండు వందలకు కట్టిన ఫీజు.

మీ ఇంట్లోనూ అరిగిపోతుందని భద్రంగా దాచిన కెమెరా ఉంటే బయటికి తీయండి. పెద్దవాళ్లున్న ఇల్లయితే ఈ ఆదివారమే తీయండి.