మనవాడే కదా

షాద్‌నగర్ దగ్గర 200 గజాల ప్లాటు కొన్నప్పుడు లాయరు చేత ముప్ఫై ఏళ్ల ఈసీ తీయించాను. లింకు డాక్యుమెంట్లలో ఒక సంతకం తేడాగా ఉందని బేరం రెండు నెలలు ఆపించాను కూడా. అదే నేను, అమెరికాలోని బెల్లెవ్యూలో ఒక మిత్రుడి ఇంట్లో పెసరట్టు తింటూ 25 వేల డాలర్లకు చెక్కు రాసిచ్చాను. ఎవరి పేరున రాయాలో అడిగాను, అంతే. మిత్రుడి బావమరిది పెట్టిన కంపెనీ. మనవాడే కదా.

కుర్రాడు మంచివాడే. హోటళ్లలో మిగిలిపోయిన తిండిని రాత్రిపూట సగం ధరకు అమ్మిపెట్టే యాప్ అది. రెండున్నరేళ్లకు ఈమెయిల్ వచ్చింది: డబ్బయిపోయింది, మూసేస్తున్నాం, క్షమించండి. మోసమేమీ లేదు. నేను సంతకం పెట్టిన కాగితాన్ని ఆ రాత్రి మొదటిసారి చదివాను. దాని పేరు ‘సేఫ్’. స్టార్టప్‌లకు పెట్టుబడి పెట్టే వై కాంబినేటర్ వాళ్లు 2013లో తయారుచేసిన ఒప్పందం. ఇది అప్పు కాదు కాబట్టి వడ్డీ లేదు, గడువు లేదు. షేరు కూడా కాదు. రేపెవరైనా పెద్ద పెట్టుబడిదారు వచ్చి కంపెనీకి ధర కట్టినప్పుడు షేరుగా మారుతుంది. రాకపోతే కాగితంగానే ఉంటుంది. మా ఊళ్లో ప్రోనోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుందని మా నాన్న తేదీలు రాసి పెట్టుకునేవాడు. దీనికి ఆ బాధ కూడా లేదు.

అమెరికాలో ఇలాంటి పెట్టుబడులు పెట్టేవాళ్లకు ప్రభుత్వం ఒక అర్హత పెట్టింది. వెనకటి రెండేళ్లూ ఏటా 2 లక్షల డాలర్లకు మించిన ఆదాయం, లేదా భార్యాభర్తలది కలిపి 3 లక్షలు. అదీ కాకపోతే ఉంటున్న ఇల్లు పోను 10 లక్షల డాలర్లకు మించిన ఆస్తి. కొన్ని లైసెన్సులున్నవాళ్లకూ 2020లో దారి తెరిచారు కానీ, మిగతా అందరినీ అడిగేది డబ్బే, చదువు కాదు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న రెడ్మండ్ దంపతులు ఈ గీతను గమనించకుండానే దాటేస్తారు. కారు నడపడానికి రాత పరీక్ష రాశాను. ఇలా కొత్త కంపెనీల్లో సొంత డబ్బు పెట్టే ఏంజెల్ ఇన్వెస్టర్ కావడానికి ఏమీ రాయలేదు.

అందుకే ఆ ఏడాది చలికాలం ఒక శిక్షణలో చేరాను. 22 మందిమి, తలా 5 వేల డాలర్లు వేసి ఒక ఎల్‌ఎల్‌సీ పెట్టుకున్నాం. 12 వారాల్లో, వచ్చిన దరఖాస్తుల్లోంచి ఒక్క కంపెనీని ఎంచి ఆ డబ్బు మొత్తం అందులో పెట్టాలి. సొంత డబ్బు బల్ల మీద ఉంటే పాఠం ఎంత బాగా ఎక్కుతుందో!

మొదటి వారం మా గురువుగారు ఒక సంచి తెచ్చారు. లోపల వంద గోళీలు: 52 నల్లవి, 7 ఎర్రవి, మిగతావి తెల్లవి. 2007లో విల్ట్‌బ్యాంక్, బోకర్ అనే ఇద్దరు పరిశోధకులు ఏంజెల్ బృందాల్లోని 539 మంది లెక్కలు సేకరించారు. 1,137 పెట్టుబడులు ముగిసిన తీరు చూస్తే, 52 శాతంలో పెట్టినంత సొమ్ము కూడా వెనక్కి రాలేదు. 7 శాతం పదింతలకు మించి ఇచ్చాయి. వచ్చిన డబ్బులో ముప్పావు వంతు వాటిదే. ఒక్కొక్కరం చెయ్యి పెట్టాం. నాకు నల్లది. మళ్లీ వేసి ఇరవైసార్లు తియ్యమంటే చాలామందికి కనీసం ఒక ఎర్రది తగిలింది. నా 25 వేలను ఒకేసారి చెయ్యి పెట్టడానికి ఖర్చు చేశానని అప్పుడు అర్థమైంది. ఆ పరిశోధనలోనే ఇంకో లెక్క ఉంది: ఇరవై గంటలకు మించి విచారించి పెట్టినవాళ్లకు సగటున 5.9 రెట్లు వచ్చింది, అంతకంటే తక్కువ విచారించినవాళ్లకు 1.1 రెట్లు. నేను విచారించింది పెసరట్టు పూర్తయ్యేంతసేపు.

ఆ విచారణే నేర్చుకోవాల్సిన పని. నా వంతుకు యాకిమా పండ్ల గోదాముల్లో చల్లదనాన్ని కొలిచే పరికరం తయారుచేసే కంపెనీ వచ్చింది. వాళ్లు చూపించిన ఖాతాదారుల్లో ఒక గోదాము మేనేజరుకు ఫోన్ చేశాను. ‘మంచి పిల్లలండీ. పరికరం ఊరికే ఇచ్చారు, వాడుతున్నాం’ అన్నాడు. డబ్బిచ్చి కొంటారా అంటే నవ్వాడు. వ్యాపార పాఠం అంటే ఆ నవ్వే. అదే రాసి బృందానికి ఇచ్చేశాను.

పెట్టుబడి కోసం ఒక తెలుగు కుర్రాడూ వచ్చాడు. మాట్లాడటం అయ్యాక పక్కకొచ్చి ‘అన్నా, మీది ఎక్కడ?’ అన్నాడు. కరిగిపోయాను. గురువుగారు ఇది చూశారు కాబోలు, అతని ఫైలు నా చేతికివ్వలేదు. బోయింగ్‌లో రిటైరైన ఇంజనీరుకు ఇచ్చారు. ఆ పెద్దాయన అడిగింది ఒక్కటే: నీ భాగస్వామి రేపు వెళ్లిపోతే అతని సగం వాటా ఏమవుతుంది? ఇక్కడి రివాజు ప్రకారం వ్యవస్థాపకులు తమ వాటాను నాలుగేళ్లు పనిచేస్తూ కొంచెం కొంచెంగా సొంతం చేసుకుంటారు. ఏడాది నిండకముందే పోతే ఏమీ రాదు. వీళ్లిద్దరూ అలాంటి కాగితమేదీ రాసుకోలేదు. ‘వాడు మా మేనమామ కొడుకండీ’ అన్నాడు కుర్రాడు. గదిలో నాకొక్కడికే నవ్వొచ్చింది, అదీ నా మీద.

వద్దనే ఓటేశాను. ఇక మిగిలింది అన్నిటికంటే కష్టమైన పాఠం. వద్దన్న సంగతి వారంలోపు, కారణంతో సహా చెప్పాలి. మనకు కాదనడం రాదు. ‘చూద్దాం’ అంటాం. ఆ మాట పట్టుకుని అవతలివాడు రెండు నెలలు ఎదురుచూస్తాడు, ఈలోగా జీతాలివ్వాల్సిన డబ్బు కరిగిపోతుంది. బృందం తరఫున నేనే ఫోన్ చేస్తానన్నాను. ‘పెట్టడం లేదు తమ్ముడూ’ అన్నాక అటునుంచి కాసేపు మాటలేదు. తర్వాత ‘ఎందుకన్నా?’ అన్నాడు. చెప్పాను.

మా 22 మంది డబ్బు చివరికి వేరే కంపెనీకి వెళ్లింది. దాన్నుంచి ఇప్పటిదాకా నాకొచ్చింది ఏటా ఆలస్యంగా వచ్చే కె-1 పన్ను ఫారం మాత్రమే. దాని కోసం పన్ను గడువు పొడిగించుకుంటున్నాను.

ఆ కుర్రాడు మాత్రం నాలుగు నెలలకు ఒక ఒప్పందం పంపాడు. నాలుగేళ్లు, మొదటి ఏడాది షరతు, ఇద్దరి సంతకాలు. డబ్బు అడగలేదు. కింద తెలుగులో ఒక ముక్క రాశాడు: ‘మావయ్య ఇంకా మాట్లాడటం లేదన్నా.’