ఒకటో క్లాసుకి రెండేళ్ళు, బీటెక్ లాబ్‌కి సున్నా

మొన్న రథసప్తమికి అరసవల్లిలో మా ఇంటికి వెళ్ళాను. ఆ రోజు మా ఊళ్ళో ఇల్లున్నవాళ్ళ సంగతి తెలిసిందే కదా... ముందురోజు రాత్రి నుంచే చుట్టాలు, కాలు పెట్టడానికి చోటుండదు. ఆ సందట్లో ఆఫీసు నుంచి ఫోను. కొత్తగా చేరిన అమ్మాయి, బిల్డ్ ఫెయిలవుతోందట. లీవులో ఉన్నా తప్పదు కదా! మేడ మీద లాప్‌టాప్ తెరిచి, "స్క్రీన్ కంట్రోల్ నాకిచ్చెయ్" అని, పది నిమిషాల్లో నేనే సరిచేసేసి, "అర్థమైంది కదా?" అన్నాను. "అయింది సార్" అంది.

ఆరేసిన బట్టలు తియ్యడానికి వచ్చిన అమ్మ అంతా వింది. "ఏట్రా, నేర్పినావా, నువ్వే చేసీసినావా?" అంది.

నాకు ఠక్కున ఎంటెక్ రోజులు గుర్తొచ్చాయి.

2017లో గేట్ రాసి ఎంటెక్‌లో చేరాను. నెలకి 12,400 స్కాలర్‌షిప్పు, దానికి బదులు వారానికి 8 గంటలు టీచింగ్ అసిస్టెంట్ పని. చేరిన రెండో వారమే మొదటి సంవత్సరం పిల్లల సీ ప్రోగ్రామింగ్ లాబ్ నా చేతిలో పెట్టారు. ఎలా చెప్పాలి, రానివాడితో ఏం చెయ్యాలి అని ఎవరూ ఒక్క గంట కూర్చోబెట్టి చెప్పలేదు. నేనూ అడగలేదు. గేట్ ర్యాంకు తెచ్చుకున్నవాడికి సీ చెప్పడం ఒక లెక్కా అని ధీమా.

ఆ బ్యాచ్‌లో తెలుగు మీడియం నుంచి వచ్చిన కుర్రాడొకడు ప్రతి వారం పాయింటర్ల దగ్గర ఆగిపోయేవాడు. నేను వెళ్ళి, "జరుగు" అని అతని కుర్చీలో కూర్చుని టకటకా కొట్టేసి, అవుట్‌పుట్ చూపించి లేచేవాణ్ణి. రికార్డు మీద సంతకం కూడా పెట్టేసేవాణ్ణి. సెమిస్టర్ చివర లాబ్ పరీక్షలో రెండు అంకెల్ని తారుమారు చేసే ఫంక్షన్ రాయమన్నాం. అతను పరీక్షంతా ఖాళీ స్క్రీన్ ముందే కూర్చున్నాడు. "ప్రతి వారం చేశావు కదయ్యా?" అన్నాను. "మీరు చేశారు సార్, నేను చూశాను" అన్నాడు. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు. ఆ లాబ్ పోయింది. మర్నాటి ఏడాది అతను కాలేజీలో కనపడలేదు. నా వల్లే మానేశాడని అనను గానీ, నాకేం సంబంధం లేదని కూడా ఇన్నేళ్ళలో అనుకోలేకపోయాను.

ఇది అమ్మకి మొన్నే మొదటిసారి చెప్పాను. అమ్మ సెకండరీ గ్రేడ్ టీచరు, గార మండలంలో ఉన్న వమరవల్లి డైట్‌లో ట్రైనింగ్ అయింది. వాళ్ళకి మైక్రో టీచింగ్ అని ఉండేదట. అయిదారు నిమిషాల చిన్న పాఠం, తోటివాళ్ళే పిల్లలు, వెనక బెంచీలో లెక్చరరు కూర్చుని తప్పులు రాసుకుంటారు. అవి చెప్పించుకుని మళ్ళీ అదే పాఠం చెప్పాలి. "ప్రశ్న అడిగినాక నోరు మూసుకుని ఆగడం నేర్పడానికే నాచేత నాలుగు సార్లు చెప్పించినారు. సుద్దముక్క గుంటడి చేతిలో ఉండాలి గానీ నీ చేతిలో కాదు" అంది అమ్మ.

ఈ మైక్రో టీచింగ్ 1963 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో పుట్టింది. అక్కడి నుంచి వమరవల్లి దాకా వచ్చింది గానీ మా ఎంటెక్ లాబ్ దాకా రాలేదు!

ఒకటో క్లాసుకి చెప్పాలంటే రెండేళ్ళ డీఈఎల్‌ఈడీ, ఆపైన టెట్, ఆపైన డీఎస్సీ. బీటెక్ లాబ్‌లో నిలబడటానికి గేట్ స్కోరు చాలు. అసలేమీ మారలేదని కాదు. కొత్త ఇంజినీరింగ్ లెక్చరర్ల కోసం ఏఐసీటీఈ 8 మాడ్యూళ్ళ కోర్సు పెట్టింది. 2022 నాటి యూజీసీ నిబంధనల్లో పీహెచ్‌డీ చేసేవాళ్ళంతా బోధనలో శిక్షణ పొందాలని, వాళ్ళకి వారానికి 4 నుంచి 6 గంటల ట్యుటోరియల్, లాబ్ పనులు అప్పగించవచ్చని ఉంది. మంచిదే. కానీ ఆ నిబంధన పీహెచ్‌డీ వాళ్ళకి, ఎంటెక్ వాళ్ళకి కాదు.

"రెండేళ్ళుండి ఉద్యోగానికి పోయేవాడికి శిక్షణ దండగ" అని మీరనొచ్చు. సరే, ఉద్యోగంలో మనం చేస్తున్నదేమిటి? కేటీలు, కోడ్ రివ్యూలు, ఫ్రెషర్లకి చెప్పడం... సగం పని నేర్పడమే కదా! నా మటుక్కి నాకు రెండు రోజులు చాలనిపిస్తుంది. ఒకరోజు అమ్మ చెప్పిన మైక్రో టీచింగ్, ఒకరోజు బాగా చెప్పే సీనియర్ లాబ్‌లో వెనక కూర్చుని చూడటం. ఆ రెండు రోజులు 2017లో నాకెవరైనా ఇచ్చి ఉంటే ఆ కుర్రాడి కుర్చీలో నేను కూర్చునేవాణ్ణి కాదు.

సాయంత్రం ఆ అమ్మాయికి మళ్ళీ ఫోన్ చేశాను. పొద్దున్న నేను చేసిన మార్పు తీయించేసి, "ఇప్పుడు నువ్వు చెయ్, నేను చూస్తాను" అన్నాను. గంటా పది నిమిషాలు పట్టింది. నాలుగైదు సార్లు నా చెయ్యి మౌస్ మీదికి పోయింది, లాక్కున్నాను :)

మీలో టీఏలుగా చేసినవాళ్ళుంటే చెప్పండి, నేర్పడం మీకెవరైనా నేర్పారా?