పేల దగ్గరున్న లెక్క

వదినా, ఆ బియ్యం చేట కాసేపు గోడ మీద పెట్టి ఓ మాట విను. జర్మనీలో మార్క్ స్టోన్‌కింగ్ అని జన్యువుల మీద పనిచేసే శాస్త్రవేత్త ఉండేవాడు. వాళ్ళబ్బాయి ఓ రోజు బడి నుంచి చీటీ తెచ్చాడంట, క్లాసులో ఎవరికో పేలున్నాయి, మీ పిల్లల తలలు చూసుకోండి అని. మనమైతే ‘ఆ పిల్ల పక్కన కూర్చోకు’ అని ఊరుకుంటాం. ఆయన మాత్రం, మనిషి ఒంటి మీద నుంచి దిగితే పేను రోజుకి మించి బతకదన్న ముక్క దగ్గర ఆగిపోయాడు. మనిషి లేనిదే బతకని పురుగంటే, మన సంగతులన్నీ దాని దగ్గర ఉండాలిగా!

తలలో పేను జుట్టుకి ఈపులు అంటిస్తుంది. ఒంటి పేను వేరే. అది ఉండేది బట్టల కుట్లలో, గుడ్లు పెట్టేదీ అక్కడే. ఆకలేస్తే ఒంటి మీదికొచ్చి రక్తం తాగి పోతుంది. అంటే మనిషి బట్ట కట్టకముందు ఒంటి పేను లేనట్టేగా. తల పేను నుంచి అదెప్పుడు విడిపోయిందో డీఎన్ఏ తేడాల్ని బట్టి లెక్కేశారు. 2003లో స్టోన్‌కింగ్ వాళ్ళు 72 వేల ఏళ్ళన్నారు. 2011లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళు దాన్ని 1,70,000 ఏళ్ళ దాకా వెనక్కి తీసుకెళ్ళారు. రాతి గొడ్డలైతే మట్టిలో దొరుకుతుంది, కట్టుకున్న తోలు కుళ్ళిపోదూ? ఇక పేనే సాక్షి.

చింపాంజీ పేనూ మన పేనూ విడిపోయి సుమారు 60 లక్షల ఏళ్ళు. మన పూర్వీకులూ వాటి పూర్వీకులూ దారులు మార్చుకున్న కాలమే అది. అన్నదమ్ములు వేరుపడి గొడ్లు పంచుకున్నట్టు పేలనీ పంచుకున్నారు.

ఇంకో రకముంది, నవ్వకు. పైకి చెప్పుకోని చోట ఉండేది. దాని దగ్గర చుట్టం గొరిల్లా ఒంటి మీదుంది! సుమారు 33 లక్షల ఏళ్ళ కిందట గొరిల్లాల నుంచే మనవాళ్ళకి ఎక్కిందంట. ఛీ, నువ్వనుకునేది కాదు. గొరిల్లా పడుకున్న చోట పడుకున్నా చాలు, దాన్ని చంపి తిన్నా చాలు.

ఇజ్రాయెల్లో లాకీష్ అనే పాత ఊరి దిబ్బలో ఏనుగు దంతపు దువ్వెన దొరికింది. సుమారు 3,700 ఏళ్ళ నాటిది. దాని మీది గీతలు చదివితే ఏముందీ, జుట్టులో గడ్డంలో పేలని ఈ దంతం ఊడ్చెయ్యాలని కోరిక. కనానీయుల అక్షరాల్లో దొరికిన మొదటి పూర్తి వాక్యం అదేనంట. మనం తెనాలి రైల్లో దాటే భట్టిప్రోలులో ధాతువుల బరిణె మీద బుద్ధుడి పేరు చెక్కుకున్నారు, వాళ్ళేమో పేల గోల చెక్కుకున్నారు.

దంతపు దువ్వెన కొనగలిగిన ఇంట్లోనూ పేలున్నాయన్నమాట. అంచేత తలలో పేలున్నాయని మీ మనవరాల్ని తిట్టకు. పేను ఎగరదు, దూకదు, తలకి తల ఆనితే పాకుతుంది, అంతే. జుట్టు తడిపి పేల దువ్వెనతో దువ్వు. ఈపులు పగలడానికి వారం పదిరోజులు పడుతుంది, అప్పుడు మళ్ళీ దువ్వాలి. కిరసనాయిలు మాత్రం పొయ్యకు.